గంట ఎండ

కొండమీది అద్దె బంగళాకు వచ్చే అతిథులకు వాతావరణం సంగతి ముందే చెప్పి వాళ్ళను ఒప్పించడం ఆమె పని. వంట, పక్కలు, వేడినీళ్ళు కూడా ఆమె పనే అనుకోండి. ఈ నెలల్లో వాన ఎప్పుడు పడుతుందో, ఎండ ఎప్పుడు కాస్తుందో ఆ కొండకే తెలియదు. ఆ నిజం రాస్తే అతిథులు రారు. దాచితే, వచ్చాక నెత్తికెక్కుతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అందుకని పోయిన ఏడాది ఒక ఉపాయం ఆలోచించింది. 'మీరున్న రోజుల్లో కనీసం ఒక గంట ఏకధాటిగా ఎండ కాయకపోతే, కాసేదాకా ఉచితంగా ఉండండి' అని ప్రకటనలో రాసింది. బంగళా సొంతదారైన అన్నయ్య "నీ బుర్రే బుర్ర!" అని మెచ్చుకున్నాడు. అతిథులున్నంతకాలం ఆమె గడప దాటకూడదన్న తన షరతు మాత్రం మార్చలేదు. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే.

ఇప్పుడున్న దంపతులు మూడు రోజులకని వచ్చారు, తొమ్మిది రోజులయింది. వాన వదల్లేదు, వాళ్ళూ వదల్లేదు. "మాకేం తొందర లేదక్కా" అంటూ దుప్పట్లు కప్పుకుని పేకాడుకుంటున్నారు.

ఆమెకు తొందరుంది. కొండ కింద హాస్టల్లో పదకొండేళ్ళ కూతురుంది. దాన్ని చూడనిచ్చేది నెలకొక్క ఆదివారమే. పోయిన రెండుసార్లూ అతిథుల వల్లే తప్పిపోయింది. రేపటికి మాత్రం తప్పక వస్తానని మాటిచ్చింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మబ్బు విచ్చింది. ఆమె తోముతున్న గిన్నె సింకులో పడేసి, పరుగున వెళ్ళి వాళ్ళ తలుపు బాదింది.

"లేవండి బాబూ! ఎండొచ్చింది!"

భర్త ఆవులిస్తూ వరండాలోకొచ్చి కుర్చీ వేసుకున్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. "గంట కదా, కానివ్వండి. రూలంటే రూలే."

ఆమె ఆకాశం వైపే చూస్తూ నిలబడింది. ఇరవై నిమిషాలు. ముప్పై. తడిసిన మెట్లు ఆరడం మొదలైంది. ఐదింటి ఆఖరి బస్సు అందేలాగే ఉంది. అంతలో ఎక్కణ్ణించి ఊడిపడిందో ఓ మబ్బు, మొత్తం కమ్మేసింది.

"నలభై ఏడు" అన్నాడాయన. "అయ్యో, కొద్దిలో పోయింది."

"పదమూడు నిమిషాలేగా బాబూ! మా పాపని చూసి మూడు నెలలవుతోంది. పోనీ అనుకోకూడదూ?"

"మీరు రాసిందేగా అక్కా" అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

హాస్టలుకు ఫోన్ చేసింది. వార్డెన్ పిల్లను పిలిచి ఇచ్చింది. ఆమె నోరు విప్పేలోగానే పిల్ల అందుకుంది.

"నువ్వేం కంగారు పడకమ్మా. రేపు నువ్వు రావని మేడం విజిటర్ల పుస్తకంలో సోమవారమే రాయించేశా."

"సోమవారమేనా? వస్తానన్నాను కదే!"

"అన్నావులే. వస్తావనుకుని గేటు దగ్గర కూర్చుంటే ఏడుపొస్తుంది. రావనుకుంటే ఏం కాదు. మామూలుగా ఆడుకోవచ్చు."

అతిథులకు తాను ఇన్నేళ్ళుగా నేర్పాలని చూస్తున్నది, ఆశ పెట్టుకోకుండా ఉండే ఈ విద్యే. పిల్ల ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంది. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

"వస్తున్నానే!" అని గట్టిగా అంది. "వీళ్ళుంటే ఉండనీ, మీ మామయ్య అరిస్తే అరవనీ. ఐదింటి బస్సెక్కుతున్నా. రేపు నిన్ను చూడ్డానికొస్తా."

"సరేలే అమ్మా" అంది పిల్ల.

ఎన్నింటికొస్తావని అడగలేదు.