నాలుగో భాగం ముందొచ్చింది

మా కథల గ్రూపులో అందరూ పండితులే. కథ చదివేవాళ్ళకే కరువు.

చర్చకు వారం ముందు కథని గ్రూపులో పెట్టాలి. ఫైలు తెరవడం పెద్దవాళ్ళకి చేతకాదు గనక ముక్కలు ముక్కలుగా మెసేజుల్లో పెట్టాలి. పెట్టగానే అధ్యక్షులవారు గ్రూపుకి తాళం వేస్తారు, ఇక ఎవరూ మెసేజు పెట్టడానికి లేదు. ఆదివారం వీడియోలో చర్చ ముగిసేదాకా కథ రాసినవాళ్ళు నోరు విప్పకూడదు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు క్రమశిక్షణ. రిటైరైన లెక్చరరు కదా, ఎదురుగా నోరు మూసుకుని కూర్చునే జనం లేకపోతే ఆయనకి పొద్దుపోదు.

ఇంకో ఇద్దరు ఘనులున్నారు, శిల్పంగారూ ఆహాగారూ. ఆ పేర్లు నేను పెట్టినవే. శిల్పంగారు బ్యాంకు మేనేజరు. ఏ కథ చూపించినా శిల్పం అద్భుతం అంటుంది. ఆహాగారికి అంత ఓపిక కూడా లేదు, ఆహా అని ఊరుకుంటాడు. మిగతావాళ్ళు వీళ్ళ వెనకాల తలలూపుతారు. ఈ మేధావుల చేతికి మా వదిన తన మొదటి కథ ఇచ్చింది.

వదిన ఒకప్పుడు రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పాప పుట్టాక మా అన్నయ్య కొన్నాళ్ళు ఆగమన్నాడు. ఆ పాప ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది, మావాడి కొన్నాళ్ళు మాత్రం ఇంకా పూర్తికాలేదు. ఈమధ్య ఆ ల్యాబువాళ్ళే మళ్ళీ రమ్మని కబురు చేశారు. వచ్చేదీ లేనిదీ చర్చ మర్నాడు, సోమవారానికల్లా చెప్పాలి. వదిన ఆ మాట ఎత్తితే చాలు, మా మహానుభావుడికి ఎక్కడలేని నిద్రా ముంచుకొస్తుంది.

“చెబితే వినరు. కథలో పెట్టి, నలుగురూ బాగుందంటే అప్పుడైనా వింటారేమో,” అంది నాతో.

కథ సూటిగానే ఉంది. ఒకావిడ ఉద్యోగం మానేసి తెల్లకోటు మడిచి పెట్టెలో పెడుతుంది. ఏళ్ళు గడుస్తాయి. మళ్ళీ వెళ్తానంటే మొగుడు ‘మనకేం తక్కువ’ అంటాడు. ఆవిడ మాట్లాడకుండా కాఫీ తెచ్చిస్తుంది. నాలుగో భాగంలో కోటు ఉతికి, ఇస్త్రీ చేసుకుని, గడప దాటుతుంది. తీరా పంపేసరికి సిగ్నలు సరిగ్గా లేక, అన్నిటికన్నా చిన్నదైన ఆ నాలుగో భాగమే ముందు వెళ్ళింది. మిగతా మూడూ దాని కింద పడ్డాయి. సరిచేసేలోపు తాళం పడిపోయింది.

అధ్యక్షులవారికి ఫోన్ చేస్తానంటే వదిన వద్దంది. “చదివితే వాళ్ళకే తెలుస్తుందిలే,” అంది. పాపం, పిచ్చిది.

ఆదివారం అన్నయ్యని నేనే పట్టుబట్టి వదిన పక్కన సోఫాలో కూర్చోబెట్టాను. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“ఉద్యోగమంటూ గడప దాటిన స్త్రీ, చివరికి తన తప్పు తెలుసుకుని కోటు పెట్టెలో పెట్టేసి భర్తకి కాఫీ ఇస్తుంది. సంసారమంటే ఇదీ అని చెప్పిన కథ.”

“గడప దగ్గర మొదలుపెట్టి కాఫీ దగ్గర ఆపడం, అదండీ శిల్పమంటే,” అంది శిల్పంగారు. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బ్యాంకుకి పరిగెత్తే మనిషి అంటున్న మాట ఇది.

“ఆహా,” అన్నాడు ఆహాగారు.

అన్నయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు. “బాగానే రాశావే. మొత్తానికి నీకూ తెలిసొచ్చిందన్నమాట,” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గ్రూపు తరఫున వేసే సంకలనంలో మొదటి కథ ఇదేనని ప్రకటించి, అప్పుడు వదినని మాట్లాడమన్నారు అధ్యక్షులవారు. తొలి కథకే అంత మర్యాద. వదిన మొహం వెలగడం చూసి, ఈ పొగడ్తలకి ఎక్కడ పడిపోతుందోనని భయమేసింది.

“థాంక్సండీ. మీరు మొదట చదివింది చివరి భాగం. సిగ్నలు లేక ముందొచ్చింది. ఆవిడ కోటు మళ్ళీ పెట్టెలో పెట్టలేదు,” అంది వదిన.

“అయినా ఇలాగే బాగుందమ్మా. సంకలనంలో ఇదే వరసలో వేద్దాం,” అన్నారు అధ్యక్షులవారు, ఏమీ జరగనట్టే. శిల్పంగారు అప్పుడే తల ఊపేసింది.

“అయితే వెయ్యకండి,” అని వదిన ల్యాప్‌టాప్ మూసేసింది.

అన్నయ్య మొహం మాడిపోయింది. “అంటే ఏంటి, మొగుణ్ణి వదిలేసి పోయిందా?”

“డ్యూటీకి వెళ్ళిందండీ. సాయంత్రం ఇంటికొస్తుంది. ఇక నేనూ అంతే. వస్తున్నానని ల్యాబుకి ఇప్పుడే చెప్పేస్తాను.”

వదిన ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళింది. అన్నయ్య కాసేపు ఆ గుమ్మం వైపు చూసి, నావైపు తిరిగాడు.

“ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా,” అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.