తేనె అంటిన పేరు

నేను ఒక జబ్బు పేరును. మొహం చిట్లించకండి, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరికి నాతో చుట్టరికం ఉండే ఉంటుంది. డయాబెటిస్ మెల్లిటస్ అంటారు నన్ను. సగం గ్రీకు, సగం లాటిను.

గ్రీకు సగం పెద్దది. ఏనాటి మాటో, కలలాగే గుర్తుంది. తాగిన నీళ్ళు తాగినట్టే పోతున్న రోగిని చూసి ఒక వైద్యుడు దిగులుపడ్డాడు. పీపాలోంచి గొట్టంతో నీళ్ళు లాగినట్టు మనిషిలోంచి మనిషే కారిపోతున్నాడే అనుకుని, 'గుండా సాగిపోవడం' అనే అర్థమున్న మాటను ఆ జబ్బుకి పెట్టాడు. ఆ తర్వాత తోలు పుటల్లో వందల ఏళ్ళు హాయిగా నిద్రపోయాను. ఎప్పటికో లాటిను చదివిన దొరలు వచ్చి లేపారు. రోగి మూత్రం రుచి చూసి, అవునండీ, నాలుకతోనే, తేనెలా ఉందన్నారు! మెల్లిటస్ అంటూ నాకు ఆ తేనె పూశారు. మీ వైద్యులూ మధుమేహమే అన్నారని విని, అక్కడా తేనేనా అని ముచ్చటపడ్డాను. అదే ఒక పిల్ల ప్రాణం మీదికి తెస్తుందని నాకేం తెలుసు?

పలాసలో జీడిపప్పు ఒలిచే తవిటమ్మకు నీలవేణి ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్ళది. ఆసుపత్రిలో ఆ పిల్ల చీటీ మీద నన్ను రాసి, రోజూ సూది వేయమని మందిచ్చి పంపారు. ఊళ్ళో అందరికీ నేను 'షుగరు'నే. తీపి తింటే వచ్చింది, మానేస్తే పోతుంది అనుకుంది తవిటమ్మ. బెల్లం మానిపించింది, పండు మానిపించింది, అన్నమూ తగ్గించింది. తీపే లేనప్పుడు సూదెందుకని అదీ ఆపేసింది. నాలుగో రోజు పొద్దున్నే ఎగశ్వాస తీస్తున్న పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. కేస్ షీట్ మీద పడి ఉన్న నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"తీపన్నదే ముట్టనియ్యలేదు సిస్టరమ్మా! నానేటి తక్కువ సేసినాను?"

నర్సు కరుణమ్మ సెలైన్ ఎక్కిస్తూనే చెప్పింది. "తీపొక్కటే కాదు తవిటమ్మా. నువ్వు పెట్టిందేదీ దాని ఒంట్లో నిలబడట్లేదు, కారిపోతంది. నిలబెట్టేది ఆ సూదే."

ఆహా! ఆనాటి వైద్యుడు అన్నదీ ఇదే కదా. గ్రీకు ముక్క ఒక్కటీ రాని ఈమె నోట నా పెద్ద సగం మేలుకుంది.

మూడో నాటికి పిల్ల లేచి కూర్చుని అన్నం అడిగింది. తవిటమ్మ ముద్దలు కలిపి పెడుతూ ఏడ్చింది. తర్వాత బెరుగ్గా అడిగింది.

"సూది ఎన్నాళ్ళెయ్యాలమ్మా?"

కరుణమ్మ తటపటాయించింది. "బతికున్నన్నాళ్ళూ, తవిటమ్మా."

ఈ మాట దగ్గర కూలబడిపోయిన తల్లులను ఎందరినో చూశాను. తవిటమ్మ మాత్రం పిల్ల మొహంలోకి చూసింది.

"అంటే బతుకుతాదన్నమాట!" అంది, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

ఇన్ని వందల ఏళ్ళలో నా ముందు ఒకరు అలా నవ్వడం అదే మొదటిసారి.