ఎదురుకాళ్ల మనిషి

"నడుము పట్టేసింది ప్రేమలతా, జెర కాలు తగిలియ్యే!" అంటూ అత్త శివమ్మ చాప మీద బోర్లా పడుకుంది.

ప్రేమలత ఎదురుకాళ్లతో పుట్టింది. అట్లాంటివాళ్లు కాలితో మూడుసార్లు తడితే నడుం పట్టు పోతదని నమ్మకం. ఇంకేం, ఇంద్రేశం ఊళ్లో ఎవరి నడుం పట్టినా ఈమె కుడికాలే దిక్కు! ఆ కాలే పది రోజుల కింద కంపెనీ బస్సు మెట్టు మీద మడతపడింది. అది మాత్రం ఎవరికీ పట్టలేదు.

అప్పుడే దవాఖానలో ఎక్స్‌రే తీసి "ఏం విరగలే, బెణికింది" అన్నారు. ఇగ మొగుడు చంద్రకాంత్ నోటికి పట్టపగ్గాల్లేవు. "ఫోటోల లేని నొప్పి నీకెక్కడికెల్లి వచ్చిందే? అన్నీ నఖరాలు!" పటాన్‌చెరు మందుల కంపెనీలో ఎనిమిది గంటలు నిలబడి ప్యాకింగు, ఇంటికొస్తే పొయ్యి ముందు మళ్లీ నిలబడుడు. మడమ మీద కుంటుతూనే నెట్టుకొచ్చింది పాపం. చివరికి తనకే అనుమానమొచ్చింది, నిజంగనే నఖరాలు చేస్తున్ననా అని. నొప్పికంటే ఆ అనుమానమే ఎక్కువ ఏడిపించింది.

అత్త నడుముకు కాలు తగిలించిందో లేదో, కళ్లు బైర్లు కమ్మి "అమ్మా!" అని కూలబడింది. మర్నాడు చంద్రకాంత్ గొణుక్కుంటూనే సంగారెడ్డిలో ఎముకల డాక్టరు నిహారిక దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ పాదం పైకెత్తి చూసింది. అరికాలి నడుమ నీలంగా కమిలి ఉంది.

"మొదటి ఫోటో పడుకోబెట్టి తీసిన్రా?"

"ఔ మేడమ్."

"గందుకే తెలువలే. కాలి మీద బరువేసి నిలబడితేనే దొరుకుతది."

ప్రేమలత పళ్లు బిగపట్టి నిలబడింది. కొత్త ఫోటోలో పాదం నడిమి ఎముకల మధ్య సందు కనబడింది.

"ఇగో, విరిగి పక్కకు జరిగినయ్. ఆపరేషన్ చేసి స్క్రూలు వెయ్యాలె. ఆరు వారాలు ఈ పాదం నేలకు మోపద్దు. మోపితే జన్మంతా కుంటుడే."

"విరిగిందా మేడమ్? నిజంగనే?" ప్రేమలత ఏడుస్తూనే నవ్వేసింది. హమ్మయ్య! తన నొప్పి అబద్ధం కాదు.

"ఆరు వారాలా? మరి వంట?" అన్నాడు చంద్రకాంత్.

"మీ చేతులు బాగనే ఉన్నయి కద!" అంది డాక్టరమ్మ.

ఆపరేషనైన నాలుగో వారం. వంటింటి పనితో శివమ్మకు మళ్లీ నడుం పట్టింది. కోడలి మంచం పక్కన చాప పరిచింది. "ఆ మంచికాలన్న తగిలియ్యే బిడ్డా."

ప్రేమలత వాకర్ పట్టుకుని లేచింది. ఎడమకాలి మీద నిదానంగా నిలబడింది.

"ఇది ఖాళీ లేదత్తమ్మా. నన్ను మోస్తున్నది."