మిథనాల్ మీటరుకు బొట్టు

నేను ఒక కరెంటు మీటరుని. ఇళ్ల గోడలకు వేలాడుతూ నెలనెలా తిట్లు తినే మీటర్లతో నాకు చుట్టరికం లేదు. మొదట ఒక ఐసు ఫ్యాక్టరీలో కొలువు చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆ యజమానికి గిట్టక నన్ను అమ్మేశాడు. అలా చేతులు మారి అనకాపల్లి దగ్గర మిథనాల్ తయారుచేసే ఓ ప్రయోగశాల షెడ్డుకు చేరాను.

మిథనాల్ స్పిరిట్ లాంటిది. పొయ్యిలో పోస్తే మండుతుంది, తాగితే కళ్లు పోతాయి. లోకం దాన్ని ఎక్కువగా సహజవాయువుతోనో బొగ్గుతోనో చవగ్గా చేసుకుని, పొగ మాత్రం ఆకాశం ఖాతాలో రాస్తుంది. మా షెడ్డులో ఆ రెండూ కాకుండా వేరే దారులు వెతికేవారు. ఒక పక్క సూరినాయుడు గారు వరి ఊకను కాల్చి, వచ్చిన గ్యాసుతో చేసేవారు. మొదట్లో ఊక ఊరికే వచ్చేది. సైంటిస్టులంతటివాళ్లు దానికోసం కారేసుకుని వస్తున్నారని తెలిశాక మిల్లుల వాళ్లు ధర చెప్పడం మొదలుపెట్టారు. రెండో పక్క హైమవతి గారు నీళ్లను కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసి, సిలిండర్లలో కొన్న కార్బన్ డయాక్సైడ్‌తో కలిపేవారు. నేను ఆవిడ యంత్రానికి మీటరుని.

ఇంతలో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. కిలో మిథనాల్‌కు ఎవరిది ఎక్కువ ఖర్చయితే వాళ్ల యంత్రం విప్పి పాత ఇనుముకు వేసేస్తారట. హైమవతి గారు ఎనిమిదేళ్లుగా ఆ యంత్రాన్ని చంటిబిడ్డలా చూసుకుంటున్నారు. ఆ రోజు ఆవిడకు అన్నం సహించలేదు. ఉన్న డబ్బంతా ఊడ్చి, నీళ్లు విడగొట్టే సెల్లు కొత్తది తెప్పించి బిగించారు.

అప్పుడే దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు సూరినాయుడు గారు కుంకుమ గిన్నె పట్టుకుని బయల్దేరారు. పంపులకు, రెంచీలకు, మంటలార్పే సిలిండరుకు, చివరికి తను కూర్చునే కుర్చీకి కూడా బొట్టు పెట్టారు. పోటీదారు యంత్రానిదాన్నని నన్ను చిన్నచూపు చూడలేదు. ఆయన బొటనవేలు వెడల్పు. బొట్టు సరిగ్గా నా అంకెల మధ్య ఉండే దశాంశ బిందువు మీద పడింది.

మర్నాడు నన్ను సున్నాకు తిప్పి కొత్త సెల్లుతో కిలో మిథనాల్ చేశారు. నేను పది పాయింట్ నాలుగు యూనిట్లు అన్నాను. బొట్టు చాటున పాయింటు కనబడక హైమవతి గారు నూట నాలుగు అని చదివారు. అంత కరెంటుతో చిన్న ఇంటికి నెల గడిచిపోతుంది.

పాపం, ఆవిడ కొత్త సెల్లును అనుమానించారు. దాన్ని విప్పారు, బిగించారు, పైపులన్నిటికీ సబ్బునురుగు పూసి లీకు వెతికారు. నన్ను మాత్రం ఎవరూ అనుమానించలేదు, బొట్టు పెట్టుకున్నవాళ్లు అబద్ధం చెప్పరని కాబోలు. ఆవిడ రోజూ నా అద్దం తుడిచేవారు, పూజలో పెట్టిన బొట్టు చెరపకూడదని దాని చుట్టూతా. నాకు నోరు లేనందుకు ఏడుపొచ్చింది.

ఆ నూట నాలుగు లెక్క చూసి, ఆవిడ యంత్రం విప్పించడానికి పై ఆఫీసు కమిటీ వచ్చింది. ఛైర్మన్ గారు భక్తిపరులు. నా ముందు ఆగి, చెప్పులు విడిచి, నా బొట్టు మీద వేలు అద్ది, కళ్లు మూసుకుని తన నుదుటికి రాసుకున్నారు. కుంకుమంతా ఆయనతో వెళ్లిపోయింది.

"పది పాయింట్ నాలుగు," అన్నారు హైమవతి గారు. బయటపడ్డ పాయింటు మీద వేలు పెట్టి చూపించారు.

సూరినాయుడు గారు తన బొటనవేలు చూసుకున్నారు. "ఏటండి, ఇదా మిమ్మల్ని ముంచింది? తప్పయిపోయింది మేడమ్. అయినా లెక్క లెక్కేనండి. కరెంటు మీకే ఎక్కువవుతంది. పైగా నేను పొగ్గొట్టంలోంచి వదిలేసే కార్బన్ డయాక్సైడే మీరు డబ్బులెట్టి కొంటన్నారు."

"మళ్లీ అనండి," అన్నారావిడ.

ఆయన మళ్లీ అన్నారు, ఈసారి నెమ్మదిగా. సగంలో ఆగి తన పొగ్గొట్టం వైపు, ఆవిడ సిలిండర్ల వైపు మార్చి మార్చి చూశారు.

"నీళ్లు విడగొట్టాక మిగిలే ఆక్సిజన్ నేను గాల్లోకి వదిలేస్తున్నాను. మీ ఊక పొయ్యికి పనికొస్తుందా?"

"ఎందుకు రాదండి? మామూలు గాలి ఊదితే గ్యాసులో పనికిరాని నైట్రోజన్ కలిసిపోయి సస్తన్నాను."

"అయితే ఏది విప్పమంటారు?" అని ఛైర్మన్ గారు అడిగారు. అప్పటికే ఇద్దరూ టేపు పట్టుకుని రెండు యంత్రాల మధ్య దూరం కొలుస్తున్నారు.

అటొక పైపు, ఇటొక పైపు వేశారు. అదే ఊకతో మిథనాల్ ఎక్కువ దిగింది. సిలిండర్లు కొనడం మానేశారు. రెండు యంత్రాలూ ఒకటయ్యాయి కాబట్టి గేటు దగ్గర ఒకే మీటరు పెట్టి నన్ను విప్పి స్టోరు గదిలో పడేశారు. హైమవతి గారి యంత్రం బతికినందుకు నాకు సంతోషమే, కానీ ఉక్రోషం కూడా ఉంది.

గోడ అవతల నుంచి వాళ్ల మాటలు వినబడుతుంటాయి. వచ్చిన కరెంటు బిల్లులో సగానికి పైగా మీదంటే మీదని రోజూ వాదించుకుంటారు. ఎవరి వాటా ఎంతో నేనైతే ఇట్టే చెప్పేవాణ్ని. నా వైర్లు పీకేశారు.