పంపకాల్లోకి వచ్చిన వెబ్‌సైటు

కొత్తవాడలో అన్నదమ్ములు వేరుపడితే పంచుకోవడానికి మగ్గాలు, గోదాము, పాత స్కూటరు ఉంటాయి. అన్న ఓంప్రకాశ్, తమ్ముడు భాస్కర్ వేరుపడినప్పుడు మాత్రం వెబ్‌సైటు కూడా వచ్చి పెద్దమనుషుల మధ్య కూర్చుంది. తండ్రి పేరుతో నడిచిన జంపఖానాల దుకాణం వాళ్లది. పెళ్లి హాళ్లవాళ్లు, హోటళ్లవాళ్లు గూగుల్‌లో వెతికి, ఆ సైటు చూసే ఫోన్ చేసేవాళ్లు. దాన్ని ఎవరు వదులుకుంటారు? దుకాణానికైతే మధ్యలో గోడ కట్టుకున్నారు, సైటుకు ఎలా కడతారు?

ఆ సైటు తయారుచేసిన మధును హనుమకొండ నుంచి పిలిపించారు. ముప్ఫై ఏళ్లు నిండని మనిషిని నెరిసిన మీసాల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నువ్వే చెప్పు తమ్మీ" అన్నారు. అంతే, మధుకు కాళ్లు నేల మీద నిలవలేదు.

"దాంట్లేముంది, అల్కగ పంచొచ్చు," అన్నాడు. "అడ్రసు ముందట డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ కొట్టి తెరిస్తే ఒక సైటు, కొట్టకుంట తెరిస్తే ఇంకో సైటు. డబ్ల్యూలున్నది పెద్దన్నకు, లేనిది చిన్నన్నకు."

పెద్దమనుషులు భేష్ అని తలలూపారు. ఆ రెండు చిరునామాల్లో ఏదో ఒకటే అసలుదని గూగుల్‌కు చెప్పాలనీ, రెండూ ఒకే తీరుగా ఉంటే గూగుల్ ఒకదాన్ని పక్కన పడేస్తుందనీ మధుకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అంతమంది మెచ్చుకుంటున్న చోట "కానీ" అనడానికి నోరు రాలేదు. రెండు రోజుల్లో పాత సైటునే నకలు తీసి, ఫోన్ నంబరు ఒక్కటే మార్చి, డబ్ల్యూలున్న చిరునామాలో పెట్టి ఓంప్రకాశ్‌కు అప్పజెప్పాడు.

ఆ తర్వాత మెల్లమెల్లగా ఓంప్రకాశ్ ఫోను మోగడం తగ్గింది, చివరికి మానేసింది. పక్కన తమ్ముడికి మాత్రం గిరాకీ తగ్గలేదు. నాలుగు నెలలు పళ్లు బిగబట్టి చూశాడు. ఐదో నెలలో నడిబజారులో తమ్ముణ్ని నిలదీశాడు.

"నా సైటును తొక్కిపెట్టించినవ్ గదరా! ఎవలతోటి చేయించినవ్?"

"నాకేం తెల్వదే అన్నా, బాపు మీద ఒట్టు," అన్నాడు భాస్కర్.

"సచ్చిపోయిన బాపును గూడ అమ్ముకుంటానవా?"

ఆ మాటతో అన్నదమ్ముల మధ్య రాకపోకలే తెగిపోయాయి. ఓంప్రకాశ్ మధుకు కబురు పెట్టి, తమ్ముడు ఏం చేయించాడో చూసి చెప్పమన్నాడు.

మధు చూశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఓంప్రకాశ్ సైటులో ప్రతి పేజీ లోపలా, చూసేవాళ్లకు కనబడని చోట ఒక వరుస ఉంది. "అసలుది నేను కాదు, డబ్ల్యూలు లేనిదే అసలుది" అని గూగుల్‌కు చెప్పే వరుస అది. అన్నదమ్ములు కలిసున్నప్పుడు మధే పెట్టాడు, అప్పుడు రెండు చిరునామాల్లోనూ ఒకే సైటు కాబట్టి అది సబబే. నకలు తీసినప్పుడు తీసేయడం మరిచిపోయాడు. ఐదు నెలలుగా ఓంప్రకాశ్ సైటే గూగుల్‌ను తమ్ముడి దగ్గరికి పంపిస్తోంది. భాస్కర్ ఏ పాపమూ ఎరగడు.

 మధు గబగబా ఆ వరుస మార్చాడు. ఫొటోలు, రాతలు కొత్తవి పెట్టాడు. పెట్టి, ఓంప్రకాశ్ ముఖం చూడకుండా అన్నాడు: "గూగుల్‌లనే ఏదో ప్రాబ్లం ఉండెనే అన్నా. సెట్ చేసిన. నెల రోజులల్ల సక్కగయితది, ఫికర్ చెయ్యకు."

"నువ్వు మంచోనివి మధూ. వాని మీదికి మాట రాకుంట చూత్తానవు. నాకు తెల్వదా?"

అప్పుడైనా చెప్పొచ్చు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు రాకుండానే భాస్కర్ కూతురు మానస ఓణీల ఫంక్షన్ వచ్చింది. పెద్దబాపు చేతుల మీదుగా పట్టుబట్టలు పెట్టాలి. ఓంప్రకాశ్ రాలేదు, ఇంట్లోవాళ్లనూ పంపలేదు. మధు మాత్రం వెళ్లాడు.

"మధన్నా, పెద్దబాపు నీకేమన్న చెప్పిండా? వస్తనన్నడా?" అని అడిగింది మానస. అడుగుతూనే హాలు గుమ్మం వైపు చూస్తోంది.

"ఏమో, పనుండచ్చు," అన్నాడు మధు. ఆ రోజు ముద్ద దిగలేదని చెబితే అబద్ధమే. రెండోసారి బగారన్నం వేయించుకున్నాడు. సిగ్గు ఇంటికి వెళ్లాక పట్టుకుంది.

పట్టుకున్నది వదల్లేదు. ఫంక్షనైన పన్నెండో రోజు పొద్దున్నే ఓంప్రకాశ్ దుకాణానికి వెళ్లాడు. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయని ఓంప్రకాశ్ ముఖం వెలిగిపోతోంది, చాయ్ తెప్పించాడు. మధు దాన్ని ముట్టకుండా, నిలబడే అంతా చెప్పేశాడు.

"నీకెప్పుడు తెల్సింది?" అన్నాడు ఓంప్రకాశ్.

"ఫంక్షన్ ముందటనే అన్నా."

ఓంప్రకాశ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జంపఖానాల చుట్ట మీద కూలబడి, తన అరచేతులు చూసుకున్నాడు. "పోరికి బట్టలు పెట్టకపోతి. బాపును వట్టుకొని ఎంత మాటంటి వాన్ని!"



ఓంప్రకాశే లేచాడు. "నీ పేరు నేను తియ్యను. నేనే తప్పు సమజ్ చేసుకున్న అని చెప్త వానికి. ఈ బజార్ల నువ్వు పని చేసుకొని బతకాలె. గిది బయటవడితే ఎవలు పిలుస్తరు నిన్ను?"

వద్దన్నా, నేనూ వస్తాను, నా తప్పు నేనే చెబుతాను, అనాలి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అంతకంటే ముందే గుండెల మీద బరువు దిగిన హాయి వచ్చేసింది. ఆ హాయిని చూసుకుని మధుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సరే అన్నా," అన్నాడు.

ఓంప్రకాశ్ చెప్పులు వేసుకుని తమ్ముడి దుకాణం వైపు ఒక్కడే నడిచాడు.