అసిరమ్మత్త పాట మిక్సింగు

ఆమదాలవలసలో డీజే పాటలు మిక్సింగు చేసే ఉమాశంకర్‌కి రికార్డు ప్లేయరు లేదు. చేత్తో రికార్డును ముందుకీ వెనక్కీ గీకితే వచ్చే చప్పుడును కంప్యూటరులోనే పుట్టించేవాడు. ఒక మాటను ముక్కగా కోసి, తిరగేసి అతికించి, మౌసుతో వేగం పెంచీ తగ్గించీ, అచ్చం రికార్డు గీకుతున్నట్టే వినిపించేవాడు.

2013 వేసవిలో మేనమామ జోగయ్య భార్య అసిరమ్మ, కోటబొమ్మాళిలో రైలెక్కి చేపలమ్మడానికి వచ్చింది. ఆమె చేత వల లాగే పాట పాడించి ఫోనులో పట్టాడు. నెల్లాళ్లు కూర్చుని దాన్ని మిక్సింగు చేశాడు. అమ్మవారి సంబరంలో కుర్రాళ్లంతా ఆ గొంతుకే గెంతారు.

"ఏటిరా అల్లుడా, నా మాటకి నత్తి ఎట్టించినావు!" అని అసిరమ్మ పగలబడి నవ్వింది.

వానాకాలంలో పచ్చకామెర్లతో ఆమె పోయింది. పెద్దకర్మ అయ్యాక జోగయ్య వచ్చాడు.

"మీ అత్త పాట ఎట్టరా, ఇంటాను. గెంతులది కాదు, ఉత్త పాట."

ఉమాశంకర్ వెతికాడు. మిక్సింగు చేసినప్పుడు అసలు పాట మీదే మార్పులు చేసి, అదే పేరుతో దాచేశాడు; మార్చనిది మిగల్లేదు. ఫోనులోది చోటు చాలక ఎప్పుడో తుడిచేశాడు.

"రేపు రా మావా" అన్నాడు.

రోజంతా తిరగేసిన ముక్కలను మళ్లీ తిరగేశాడు. డప్పులు గొంతుకు అతుక్కుపోయి రాలేదు. కోసి పారేసిన మాటలు ఎక్కడా లేవు. చివర్లో మాత్రం, రికార్డు తిరిగి తిరిగి ఆగిపోయినట్టు చేసిన చోట డప్పులు లేవు; మగగొంతులా బరువుగా సాగే ఏదో మాట ఉంది. కొంచెం కొంచెంగా వేగం పెంచాడు. అసిరమ్మ పలికింది.

"సాల్రా అల్లుడా, రైలెల్లిపోతాది."

ఉమాశంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు జోగయ్య ఆ మాట నాలుగుసార్లు విన్నాడు.

"పాటేదిరా?"

"నేనే పాడు సేసినాను మావా."

జోగయ్య తిట్టలేదు. "మాటాడినాది గదా, సాల్లే" అన్నాడు.

ఉమాశంకర్ స్టేషను దాకా వెంట వెళ్లాడు. ప్లాట్‌ఫారం మీద జోగయ్య ఆ పాట మొదటి వరస సన్నగా అందుకున్నాడు. రెండో వరస దగ్గర ఆగి, అల్లుడి వైపు చూశాడు.

"తరవాతేటిరా?"

ఉమాశంకర్‌కి ఆ వరస తెలీదు. నెల్లాళ్లు ఆ పాటను కోశాడు. చివరిదాకా ఒక్కసారీ వినలేదు.

పలాస బండి వచ్చింది.

"గుర్తొస్తే ఫోన్ సెయ్యి" అని జోగయ్య ఎక్కాడు.

ఆ ఫోను ఉమాశంకర్ ఎప్పటికీ చేయలేకపోయాడు.