మేకలదొడ్డికి తలుపైన నల్లబల్ల

బడికి తాళం వేసింది మీరే. మీ పేర్లు నాకు తెలియవు. జీపు దిగకుండా, అద్దం దించి, పిల్లల తలలు లెక్కపెట్టి వెళ్ళినవాళ్ళ పేర్లు నాలాంటిదానికి ఎవరు చెబుతారు? కానీ మీరు చేసిన పని తెలుసు. ఒక మనిషి టీచరు కావడానికి ఈ వాడ పిల్లలు తమ చదువునే పణం పెట్టారు. ఆమె టీచరయింది. అయీ కాగానే ఇంటికి పంపించారు. పిల్లలు పెట్టిన పణం ఎవరు తిరిగిస్తారు? చెప్పండి!

నేను ఒక నల్లబల్లను. కాదు, ఒకప్పుడు నల్లబల్లను. ఇప్పుడు ఎర్రగుంటపల్లెలో లసుమయ్య మేకలదొడ్డికి తలుపును. అడ్డంగా నిలబడాల్సినదాన్ని నిలువుగా నిలబెట్టారు. అక్షరాలు మోసిన ఒంటికి మేకపోతు కొమ్ములు రుద్దుకుంటోంది. దాని తప్పేం లేదు, దానికి దురద.

నన్ను చేసింది వడ్ల రామచంద్రం. మూడు మద్దిచెక్కలు చిత్రిక పట్టి అతికించాడు. బడి పిల్లలు బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి నా ఒంటికి రుద్దారు. ఆ రోజు వాళ్ళ చేతులూ నేనూ ఒకటే రంగు. గుమ్మానికి ఎదురుగా నన్ను గోడకు తగిలించారు. అక్కణ్ణుంచి బడి అరుగూ, దాని ముందు వాకిలీ కనిపించేవి. పాఠం లేనప్పుడు నాకదే కాలక్షేపం. పాఠం తరచుగా లేకపోయేది కూడా. సార్లు వచ్చేవాళ్ళు, బదిలీ మీద పోయేవాళ్ళు. నా మీద తేదీ రోజూ మారేది. దాని కింద పాఠం మాత్రం నెలల తరబడి అదే ఉండేది. మనుషులకు తేదీ మారితే చాలు, పని జరిగినట్టే.

చివరికి సారు దొరక్క స్వరూపను పెట్టారు. విద్యా వాలంటీరు అన్నారు. వాడలో బీడీలు చుట్టుకునే ఆడమనిషి. పెళ్ళయ్యాక కిందామీదా పడి ఇంటరు పాసయింది. పెద్దసారు విఠల్ వాగు అవతలి పెద్దబడిలో ఉండేవాడు. ఆయన వచ్చి ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చి, “పిల్లలు బయటికి ఉరుకకుండ చూస్కోమ్మా, అదే చాలు” అని స్కూటరెక్కాడు. ఆమెకు అందిన శిక్షణ అదే.

మొదటి ఏడు స్వరూప బోధన చూసి నాకే సిగ్గేసింది. గైడులో ఉన్నది నా మీద దించేది. నాకూ పిల్లలకూ మధ్య తానే అడ్డంగా నిలబడేది. ఎవరైనా ప్రశ్న అడిగేలోపే చీరకొంగుతో తుడిచేసేది. ఆ కొంగుకు జర్దా వాసన. ఆ తొందర ఎందుకో పిల్లలకు తెలియదు, నాకు తెలిసేది. తెలియనివాళ్ళకు తెలిసినట్టు నటించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తెలిసినవాళ్ళ కంటే ఎక్కువ చెమట పడుతుంది.

ఒకరోజు మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అని రాసింది.

లసుమయ్య కొడుకు ఐలేషు లేచాడు. “నాలుగోవంతే పెద్దది టీచర్.”

“కాదు. మూడోవంతు పెద్దది.”

“ఎట్ల? మూడుకన్న నాలుగు పెద్దగదా?”

“అట్లనే ఉంటది. రాసుకో.”

“ఎట్ల ఉంటది టీచర్?”

“నోరు ముయ్! బయట నిలబడు పో!”

వాడు బయట నిలబడ్డాడు. మర్నాడు వచ్చి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ బయట నిలబెట్టింది. మూడోనాడు వాడు రాలేదు. తండ్రితో మేకలమందకు పోయాడు. స్వరూప హాజరు పిలుస్తూ వాడి పేరు దగ్గర ఆగింది. నా వైపు తిరిగి, మూడోవంతు, నాలుగోవంతు అని మళ్ళీ రాసుకుంది. తనకు జవాబు తెలియదు. ఇంటరు దాకా పాసవుతూ వచ్చినా ‘ఎట్ల?’ అని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

ఎల్లమ్మ పండగకు వాడంతా కలిసి పొట్టేలును కొడతారు. మాంసం బడి వాకిట్లోనే పోగులు పెడతారు. ఇంటికొక మోదుగాకు పరిచి, ప్రతి ఆకు మీదా కండా, బొక్కా, కార్జం కాస్త కాస్త వేస్తారు. ఏ పోగూ ఇంకోదానికంటే తగ్గకూడదు. తగ్గిందో, లడాయే! ఆ ఏడు లసుమయ్య పోగులు పెట్టడం అయిపోయాక, కొత్తగా వేరుపడ్డ దుబ్బయ్య గిన్నె పట్టుకొని వచ్చాడు.

“మా అయ్య పోగు మా అయ్యకే. నాకో పోగు పెట్టున్రి.”

“ముందుగల చెప్పద్దారా? పొట్టేలు ఇంకోటి కంటదా ఇప్పుడు?” అన్నాడు లసుమయ్య.

అందరూ నవ్వారు. కానీ వాడకట్టు వాడకట్టే. ఇంకో ఆకు పరిచారు. ఐలేషు ప్రతి పోగులోంచీ ఒక ముక్క తీసి ఆ ఆకు మీద వేస్తూ గొణిగాడు: “ఇండ్లెక్కువైతే పోగు చిన్నగైతది. ఇట్లనే వేరువడుకుంట పోతే ఇగ వాసనే మిగులుతది.”

గిన్నె పట్టుకొని వరుసలో ఉన్న స్వరూప ఆ మాట విని ఆకుల వైపే చూస్తూ ఉండిపోయింది. తన వంతు వచ్చినా కదల్లేదు. వెనకామె పొడిచింది: “ఏందే, పోగద్దా?” స్వరూప గిన్నె అరుగు మీద పెట్టి లోపలికి వచ్చింది. నా మీద మూడు గుండ్రాలు గీసింది. పక్కన నాలుగు గీసింది. ఒకే పొట్టేలు. మూడిండ్లు, నాలుగిండ్లు. తర్వాత నా చెక్కకు నుదురు ఆనించింది. ఏడుస్తోందని తడి తగిలాక తెలిసింది.

మర్నాడు ఆమె మేకలమంద దగ్గరికి వెళ్ళి ఐలేషును పిలుచుకొచ్చింది. “నీ ప్రశ్నకు జవాబు నువ్వే చెప్పినవ్ రా. నాకు రాకనే నిన్ను బయట నిలబెట్టిన. ఇగ నువ్వే చెప్పు పిల్లలకు” అని సుద్ద వాడి చేతికిచ్చి, తాను పక్కకు జరిగింది. ఆమె నాకు అడ్డం తప్పుకోవడం అదే మొదలు.

ఐలేషు పోగులు గీసి గట్టిగా చెప్పాడు. ఇంతలో అందరికంటే చిన్నది, నవనీత, చెయ్యెత్తింది. “నిన్న మా పోగుల బొక్కలే ఎక్కువున్నయ్. అదిగూడ అందరి వంతంతేనా?”

వాడు సుద్ద దించాడు. స్వరూప వైపు చూశాడు. పాత స్వరూపయితే ఈపాటికి తుడిచేసేది.

“నాగ్గూడ తెల్వది రా. అందరం కలిసి చూద్దాం” అందామె.

నా బతుకులో ఒక టీచరు పిల్లల ముందు ఆ మాట అనగా వినడం అదే. ఆ పూటంతా చింతగింజలు పంచారు, కొట్లాడారు, మళ్ళీ పంచారు. పోగులు సమానం కాకపోతే వంతు వంతే కాదని ఐలేషే తేల్చాడు. పిల్లకు చెప్పబోయి వాడు నేర్చుకున్నాడు. వాడిని చూసి స్వరూప నేర్చుకుంది.

అప్పట్నుంచి ఆ బడిలో అదే పద్ధతి. ఎవరికి పాఠం వచ్చిందనిపిస్తే వాళ్ళు సుద్ద పట్టాలి. చిన్నవాళ్ళు అడగాలి. చెప్పేవాడు తడబడ్డచోట స్వరూప చెవులు రిక్కించేది. ఇంటికి పోయి, బీడీలచాట ఒళ్ళో పెట్టుకొని అదే ఆలోచించి, పొద్దున్నే కొత్త ఉపాయంతో వచ్చేది. ఏటా ఎండాకాలం రాగానే ఆమెను తీసేసేవాళ్ళు, వానలు పడ్డాక మళ్ళీ పెట్టేవాళ్ళు. వచ్చిన ప్రతిసారీ తుడిచే తొందర తగ్గింది. ప్రతిసారీ కాగితం మీద మాత్రం ఆమె కొత్త వాలంటీరే. అయితే మొదటి ఏడు ఆమె చేతిలో చదివిన పిల్లలు? వాళ్ళ బాకీ ఆమె మరవలేదు. తనకు చెప్పడం రాని కాలంలో బడి మానేసిన పిల్ల ఎదురైతే తల దించుకొనేది.

ఆ తర్వాత మీ జీపు వచ్చింది.

విఠల్ సారు స్కూటరు మీద వచ్చి అరుగు దగ్గరే ఆగాడు. “రేపట్నుంచి రావద్దమ్మా. ఈ బడిని వాగవతలి బడిల కలుపుతున్నరు. అక్కడ శిక్షణైన సార్లున్నరు.”

“వానకాలం వాగెట్ల దాటుతరు సార్ పిల్లలు?”

“అది పైవాళ్ళు చూస్తరు.”

“నాకు ఇప్పుడిప్పుడే చెప్పొస్తున్నది సార్.”

ఆయన హెల్మెట్ తీసి చేతిలో తిప్పాడు. చెడ్డవాడు కాదు. “ఒచ్చినట్టు కాయితం ఉండాలె గదమ్మా. నేనేం జెయ్య?”

స్వరూప లోపలికి వచ్చింది. సగం పాఠం నా మీదే ఉంది. కొంగు ఎత్తింది. తుడవలేదు. అలాగే వదిలి వెళ్ళింది. తాళం పడ్డాక చూరులోంచి కారిన వాన తుడిచింది దాన్ని.

వాగు పొంగిన రోజుల్లో పెద్దవాళ్ళు పిల్లల్ని పంపలేదు. పొంగనిరోజుల్లోనూ కొందరు పోవడం మానేశారు. నవనీతకు తల్లి బీడీలచాట ఒళ్ళో పెట్టింది. బడి గోడ ఒరిగాక లసుమయ్య నన్ను మోసుకొచ్చి దొడ్డికి కట్టాడు. కట్టేటప్పుడు ఐలేషు నా మీద చెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు.

మొన్న స్వరూప మేకపాల కోసం వచ్చింది. వెంట నవనీత.

“టీచర్, పావుల సగమెంత?”

స్వరూప చెయ్యి దానంతటదే లేచింది. నేల మీద బొగ్గుముక్క తీసుకొంది, నా దాకా వచ్చింది. గుండ్రం సగం గీసింది. ఆగిపోయింది. “ఎట్ల చెప్తుంటినే…” అని నుదురు రుద్దుకుంది. ముందు ఏ ఉపాయంతో మొదలుపెట్టాలో, పిల్ల ఎక్కడ తడబడుతుందో, అవన్నీ చెబుతూ ఉంటేనే ఆమె చేతికి వచ్చేవి. చెప్పడం ఆపించారు, చెయ్యి మొద్దుబారింది. జర్దా పట్టి పచ్చబడ్డ వేళ్ళను చూసుకొని బొగ్గు పారేసింది.

“నన్ను టీచరనకు బిడ్డా. నడువు, పొద్దువోతుంది.”

ఆ సగం గుండ్రం నా మీద ఇంకా ఉంది. మేకలు చెరిపేలోపు వినండి. ఒరిగిన గోడ నిలబెట్టి, తాళం తీయండి. వాన రాకముందే తీయండి. స్వరూపను ఎండాకాలంలో తీసేసే కూలిగా కాదు, టీచరుగా పిలవండి. కాగితమే కావాలా? ఆమె చెబుతూనే ఉండగా శిక్షణ ఇప్పించి, ఆ కాగితం మీరే రాసివ్వండి. నవనీత ఒళ్ళోంచి చాట తీయండి. నన్ను మళ్ళీ గోడకెక్కించకపోయినా పరవాలేదు, కొత్తబల్ల తెచ్చుకోండి. నేను మేకలకు కాపలా ఉంటాను. ఆ పిల్ల అడిగింది పావులో సగం. జవాబు చెప్పే మనిషిని ముందు పంపండి!